నీరెండకు ఇంగ్లీషులో ఒక మాట ఉండేది

(గ్రంథాలయ వారోత్సవాల్లో భాగంగా ఒక శాఖా గ్రంథాలయం ఆవరణలో చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

పెద్దలకు, మిత్రులకు, ముందు వరుసలో కూర్చున్న విద్యార్థులకు నమస్కారం.

నేను గేటు దాటి లోపలికి వచ్చేసరికి మీరంతా హాలులో వేసిన కుర్చీలు ఎత్తుకొచ్చి ఈ వేపచెట్టు పక్కన ఎండలో వేసుకుంటున్నారు. మైకు తీగ ఇక్కడిదాకా అందదేమోనని నిర్వాహకులు కంగారు పడ్డారు కానీ నాకు మాత్రం ఎంతో సంతోషం కలిగింది. ఎందుకంటే నేను ఈ రోజు ఎత్తుకోవాలనుకున్న మొదటి మాట మీరు కూర్చున్న చోటే ఉంది. కార్తీక మాసంలో పొద్దున పూట ఒంటికి హాయిగా తగిలే ఈ ఎండను మనం నీరెండ అంటాం. ఇంగ్లీషులో దీనికి దగ్గరి మాట చెప్పమంటే ఏం చెబుతారు? ఒకప్పుడు ఒక మాట ఉండేది. ‘ఎప్రిసిటీ’. చలికాలపు ఎండలోని వెచ్చదనం అని దాని అర్థం. 1623లో హెన్రీ కాకరమ్ అనే ఆయన లండన్‌లో అచ్చువేసిన నిఘంటువులో ఈ మాట ఉంది. ఎండ తగిలేది, ఎండలో కాగేది అనే అర్థంలో లాటిన్‌లో ‘అప్రికుస్’ అనే మాట ఉంది. దాన్నుంచి చేసుకున్నారు.

ఇంత చక్కని మాట ఎందుకు పోయింది? నేను ఈ ప్రశ్నను చాలాకాలం తప్పుగా వేసుకున్నాను. ఇది పోయిన మాట కాదు, అసలు సరిగా పుట్టని మాట. ఆ కాలపు నాటకాల్లో, ఉత్తరాల్లో, కవితల్లో దీని కోసం వెతికితే కనబడదు. లండన్ వీధిలో చలికి వణుకుతూ ఎండలోకి జరిగిన ముసలమ్మ ఎవరూ ‘ఎప్రిసిటీ’ అనలేదు. నిఘంటువు చేసినాయన దాన్ని లాటిన్ నుంచి తెచ్చి పుస్తకంలో పెట్టాడు, అది అక్కడే ఉండిపోయింది. మన నీరెండ అలా కాదు. అది ఉదయపు ఎండకూ సాయంత్రపు ఎండకూ కూడా చెల్లుతుంది, చలికాలానికే కట్టుబడి లేదు. కానీ ఆ మాట వినగానే పసిపిల్లకు నూనె రాసి అరుగు మీద పడుకోబెట్టిన అమ్మమ్మ కళ్ల ముందుకొస్తుంది.

పాత మాట ఏది దొరికినా నేను ముందుగా అడిగేది ఇదే. దీన్ని ఎవరు అన్నారు? ఎక్కడ, ఏ వాక్యంలో అన్నారు? అర్థం తరువాత సంగతి.

కాకరమ్ కాలానికి ముందు వందేళ్లు ఇంగ్లీషులో పెద్ద మాటల జాతర నడిచింది. చదువుకున్నవాళ్లు లాటిన్ నుంచి, గ్రీకు నుంచి మాటలను గంపల కొద్దీ దించారు. వాటిని వెటకరిస్తూ ‘సిరాకొమ్ము మాటలు’ అనేవారు. అప్పట్లో సిరాను పశువు కొమ్ములో పోసుకునేవారు కదా, ఆ కొమ్ములోంచి ఊడిపడిన మాటలని. అలా దించినవాటిలో కొన్ని బతికాయి, కొన్ని పోయాయి. ‘ఇంపీడ్’ అంటే అడ్డుపడడం, అది ఇప్పటికీ ఉంది. దానికి జోడీగా ‘ఎక్స్‌పీడ్’ అని ఉండేది, పని త్వరగా సాగేట్టు చేయడం. అది రాలిపోయింది.

ఈ జాతర నచ్చని పండితుడు ఒకాయన ఉన్నాడు, సర్ జాన్ చీక్. కేంబ్రిడ్జిలో గ్రీకు ఆచార్యుడు. అంటే పరభాషలు రాక అన్న మాట కాదు. మన భాషను శుద్ధంగా, ఇతర భాషల కల్తీ లేకుండా రాయాలని ఆయన 1557లో ఒక మిత్రుడికి ఉత్తరం రాశాడు. అది వట్టి మాట కాదు, అంతకు కొన్నేళ్ల ముందే చేసి చూశాడు. బైబిలులోని మత్తయి సువార్తను అచ్చ ఇంగ్లీషులో పెట్టడానికి కూర్చున్నాడు. నూరుగురు సైనికుల మీద అధికారిని ‘సెంచూరియన్’ అనే లాటిన్ మాటతో చెప్పకుండా ‘హండ్రెడర్’ అన్నాడు. పునరుత్థానానికి ‘గెయిన్‌రైజింగ్’ అన్నాడు, తిరిగి లేవడం అని. చంద్రుడి ప్రభావంతో మతి చలించినవాణ్ని ‘మూన్డ్’ అన్నాడు. ఒక్కటీ నిలవలేదు. కానీ చదువుతుంటే ఆ మనిషి పట్టుదల మీద నాకు గౌరవం కలుగుతుంది. ఆ 16వ శతాబ్దంలోనే ఇక్కడ ఇబ్రహీం కుతుబ్‌షా ఏలుబడిలో పొన్నగంటి తెలగన సంస్కృత సమాసం తగలకుండా అచ్చ తెలుగులో యయాతి చరిత్ర రాశాడు, పటాన్‌చెరువు ఏలిక అమీన్‌ఖానుకు అంకితమిచ్చాడు. వేల మైళ్ల దూరంలో ఉన్న ఇద్దరు, ఒకరి పేరు ఒకరికి తెలియదు, ఒకే వ్రతం పట్టారు.

ఆ సిరాకొమ్ము మాటలు అర్థం కాక జనం ఇబ్బంది పడుతుంటేనే తొలి ఇంగ్లీషు-ఇంగ్లీషు నిఘంటువు పుట్టింది. 1604లో రాబర్ట్ కాడ్రీ అనే బడిపంతులు చేశాడు. రెండున్నర వేల మాటలు, అన్నీ కష్టమైనవే. ఇల్లు, నీళ్లు, కుక్క వంటివి అందులో ఉండవు, ఎందుకంటే వాటి అర్థం ఎవరికీ చెప్పనక్కరలేదు. ఆ మొదటి ముద్రణ ప్రతి ఒకే ఒక్కటి మిగిలింది, ఆక్స్‌ఫర్డ్‌లోని బోడ్లియన్ గ్రంథాలయంలో ఉంది. గ్రంథాలయ వారోత్సవాల్లో ఈ సంగతి చెప్పకుండా ఉండలేను. ఒక గ్రంథాలయం ఒక పుస్తకాన్ని పారేయకుండా ఉంచినందువల్లే ఈ రోజు మనకు ఆ మాటలు తెలుసు.

ఇప్పుడు నా తరగతిలో జరిగిన విషయం ఒకటి. నేను ముప్పై ఏళ్లు డిగ్రీ విద్యార్థులకు ఇంగ్లీషు చెప్పాను. ఒకసారి అనువాదం చేయిస్తుంటే, పల్లె నుంచి వచ్చిన ఒక అమ్మాయి లేచి, “సర్, ఎల్లుండికి ఇంగ్లీషులో ఒక్క మాట ఏదండీ?” అని అడిగింది. నేను ‘ద డే ఆఫ్టర్ టుమారో’ అన్నాను. ఆ అమ్మాయి వేళ్ల మీద లెక్కపెట్టి, “నాలుగు మాటలు అయ్యాయి సర్. మొన్నకు కూడా నాలుగేనా?” అంది. అవును, మొన్నకు కూడా నాలుగే. ఆ ప్రశ్న నన్ను ఇంటిదాకా వెంటాడింది. పక్కనే ఉన్న జర్మన్ వాళ్లకు ఎల్లుండికి ఒక్క మాట ఉంది. అక్కచెల్లెళ్లలాంటి భాషలు కదా, ఇంగ్లీషుకు లేకపోవడం ఏమిటని వెతకడం మొదలుపెట్టాను. ఉంది. ‘ఓవర్‌మారో’.

అది దొరికిన చోటు మీకు చూపించాలి. 1535లో మైల్స్ కవర్‌డేల్ మొత్తం బైబిలును మొదటిసారి ఇంగ్లీషులో అచ్చువేయించాడు. అందులో తోబీతు గ్రంథం అని ఒక కథ ఉంది. సారా అనే అమ్మాయికి ఏడుసార్లు పెళ్లయింది. ఏడుసార్లూ తొలిరాత్రే ఒక దయ్యం పెళ్లికొడుకును చంపేసింది. ఎనిమిదో వాడుగా తోబియా వచ్చాడు. ఆ రాత్రి గదిలో అతను పెళ్లికూతురితో అంటాడు: లే సారా, ఈ రోజు, రేపు, ఎల్లుండి దేవుణ్ని ప్రార్థిద్దాం. అక్కడ కవర్‌డేల్ రాసిన మాట ‘ఓవర్‌మారో’. బయట మామగారు ఈ అల్లుడు కూడా పోతాడనే భయంతో రాత్రికి రాత్రే గొయ్యి తవ్విస్తుంటాడు. అలాంటి రాత్రి ఒక మనిషి మూడు రోజుల లెక్క చెబుతున్నాడు. అంటే తాను ఎల్లుండి కూడా బతికే ఉంటానని భార్యకు మాట ఇస్తున్నాడు. ఈ వాక్యం తెలిశాక ఆ మాట నాకు నిఘంటువులోని ఎండిపోయిన ఆకులా కనిపించలేదు.

ఆ అమ్మాయికి ఈ జవాబు చెప్పడానికి నాకు రెండేళ్లు పట్టింది. అప్పటికి ఆమె చదువు ముగించి వెళ్లిపోయింది. అందుకే దొరికినచోటల్లా చెబుతుంటాను.

మన వాళ్లకు ఎల్లుండి, మొన్న చాలలేదు, ఆవలెల్లుండి, అటుమొన్న కూడా ఉంచుకున్నారు. పెళ్లి పిలుపులకు, సంతకు, నీళ్ల వంతుకు అవి అవసరమయ్యాయి. వాడకం ఉన్న మాటకు వయసు మీద పడదు.

ఇంకా వెనక్కి పోదాం. వెయ్యేళ్ల నాటి ఇంగ్లీషు ఇప్పటి ఇంగ్లీషు వచ్చినవాళ్లకు కూడా అర్థం కాదు, నేర్చుకోవలసిందే. ఆ కాలపు కవిత్వం చాలావరకు నాలుగు చేతిరాత పుస్తకాల్లోనే మిగిలింది. అందులో ఒకటి ఎక్సెటర్ పట్టణంలోని చర్చిలో ఉంది. లియోఫ్రిక్ అనే బిషప్ దాన్ని ఆ చర్చికి ఇచ్చాడు, ఆయన 1072లో చనిపోయాడు. ఆ పుస్తకం మీద కత్తిగాట్లు ఉన్నాయి, ఎవరో దాన్ని కూరగాయలు కోసే పీటలా వాడినట్టు. పానీయం గిన్నె పెట్టిన గుండ్రటి మరక ఉంది. చివరి పుటలు కాలి చిల్లులు పడ్డాయి. అలాంటి పుస్తకంలో ఒక భార్య చెప్పుకున్న గోడు ఉంది, 53 పంక్తులు. భర్త సముద్రం దాటి వెళ్లిపోయాడు. అతని బంధువులు ఇద్దరినీ విడదీశారు. ఆమెను ఒక ఓక్ చెట్టు కింద మట్టి గుహలో ఉండమన్నారు. నా దొర ఏ దేశంలో ఉన్నాడో అని తెల్లవారుజామున చింతపడ్డాను, అంటుంది. ‘తెల్లవారుజాము చింత’ అనే ఆ ముక్కను ఆమె ఒకే మాటలో చెబుతుంది: ‘ఊహ్త్‌చెయరె’. ‘ఊహ్త్’ అంటే తెల్లవారడానికి ముందు చీకటి వేళ. రెండో సగం ఈనాటి ‘కేర్’. మిగిలిన పాత ఇంగ్లీషు రాతలన్నిటిలో ఈ సమాసం మళ్లీ ఎక్కడా లేదు. ఈ ఒక్క పద్యంలో, ఈ ఒక్క ఆడమనిషి నోట.

ఈ మాట గురించి ఎవరికి చెప్పినా మౌనంగా తలూపుతారు. మూడింటికి మెలకువ వచ్చి, ఫ్యాను తిరుగుతుంటే పైకప్పు చూస్తూ, కట్టవలసిన ఫీజో, దుబాయిలో ఉన్న కొడుకో, ఆస్పత్రి రిపోర్టో గుర్తుకొచ్చి మళ్లీ నిద్ర పట్టని రాత్రి తెలియనివారు ఇక్కడ ఎవరున్నారు? పగలు అదే చింత ఉన్నా ఇంత బరువు ఉండదు. ఆ వేళకు ఒక ప్రత్యేకమైన బాధ ఉందని పేరు పెట్టి చెప్పింది ఆ తల్లి. మనకు వేకువ ఉంది, బ్రాహ్మీ ముహూర్తం ఉంది, కోడికూత వేళ ఉంది. ఆ వేళ పడే చింతకు మాత్రం విడిగా ఒక పేరు నా ఎరుకలో లేదు. మీలో ఎవరికైనా తెలిస్తే నాకు చెప్పాలి.

పోయిన మాటల సంగతి కాసేపు పక్కన పెడదాం. ఉన్నచోటే ఉండి అర్థం మార్చుకున్నవాటిని చూస్తే మన మాటలు కూడా బాగా అర్థమవుతాయి. ‘సిల్లీ’ అనే మాట పిల్లలకు కూడా తెలుసు. ఒకప్పుడు దాని అర్థం దేవుడి దయ ఉన్నవాడు, ధన్యుడు అని. ధన్యుడు నిర్దోషి అయ్యాడు, నిర్దోషి పాపం ఏమీ తెలియనివాడు అయ్యాడు, ఏమీ తెలియనివాడు తెలివితక్కువవాడు అయ్యాడు. మన ‘అమాయకుడు’ అదే దారిలో నడుస్తున్నాడు. మాయ లేనివాడు, కపటం లేనివాడు అనేది దాని పుట్టుక. ఇప్పుడు ఎవరినైనా “పాపం అమాయకుడు” అన్నామంటే మెచ్చుకుంటున్నామా?

‘డియర్’ ఇంకా విచిత్రం. జింక అని మనం నేర్చుకున్నాం. పాత ఇంగ్లీషులో ‘దేయోర్’ అంటే ఏ జంతువైనా సరే. షేక్స్పియర్ కాలంలో కూడా ఆ అర్థం కొన ఊపిరితో ఉంది. లియర్ రాజు నాటకంలో ఒక పాత్ర ఎలుకలను, చుంచులను, అటువంటి చిన్న ‘డియర్’ను తిని బతికానంటాడు. అక్కడ జింక అనుకుంటే అర్థం చెడుతుంది. వేట అంటే జింక వేటే ముఖ్యం కాబట్టి జంతువు అనే మాట జింక దగ్గర ఆగిపోయింది. మన ‘మృగం’ చూడండి. సంస్కృతంలో అడవి జంతువూ అదే, జింకా అదే. హిందీ వాళ్లు జింకను తీసుకున్నారు. మనం క్రూరజంతువును తీసుకున్నాం, మృగరాజు అంటే సింహం. కానీ మృగనయని అన్నప్పుడు, మృగశిర అన్నప్పుడు జింక మన దగ్గర కూడా ఉంది. సముద్రాలకు అవతల ఒకటి, ఇవతల ఒకటి, రెండు భాషలు ఒకే జంతువు చుట్టూ ఒకే ఆలోచన చేశాయి.

‘లార్డ్’ అనే మాటను మన వాళ్లు న్యాయస్థానాల్లో రోజూ అంటారు. దాని పాత రూపం ‘హ్లాఫ్‌వేర్డ్’. హ్లాఫ్ అంటే రొట్టె, ఇప్పటి ‘లోఫ్’. వేర్డ్ అంటే కాపలా ఉండేవాడు. రొట్టెకు కాపరి, అంటే ఇంట్లో అందరికీ తిండి పెట్టేవాడు. ‘లేడీ’ రొట్టె పిండి పిసికే ఆమె. ఇది తెలిశాక, “ఆయన ఉప్పు తిన్నాను” అనే మన మాట నాకు కొత్తగా వినిపించింది. దొరతనం ఎక్కడైనా అన్నంతోనే మొదలైంది.

క్రికెట్ చూసే పిల్లల కోసం ఒకటి. ‘అంపైర్’ అనే మాట మొదట ‘నంపైర్’ లాంటిది. పాత ఫ్రెంచిలో ‘నాన్‌పేర్’, జోడీ కానివాడు, అంటే ఇద్దరు తగువు పడితే ఏ పక్షానికీ చెందని మూడోవాడు. ఇంగ్లీషులో ముందు ‘అ’ చేరి ‘అ నంపైర్’ అని పలుకుతుంటే, ఆ నకారం ముందు మాటది అనుకుని ‘అన్ అంపైర్’ చేసేశారు. వంటింట్లో కట్టుకునే ‘ఏప్రన్’ కూడా అలాగే నకారం పోగొట్టుకుంది, అది మొదట ‘నేప్రన్’. ‘నిక్‌నేమ్’కు తిరకాసు జరిగింది. ‘ఈక్’ అంటే అదనం. అదనపు పేరు ‘అన్ ఈక్‌నేమ్’. ఇక్కడ పక్క మాటలోని నకారాన్ని లాక్కుంది. ‘ఆరెంజ్’ కూడా ఇలాంటిదే, కాకపోతే దాని నకారం ఇంగ్లీషుకు చేరకముందే దారిలో యూరపు భాషల్లో రాలిపోయింది. బయలుదేరింది మన దేశం నుంచి, పర్షియా మీదుగా, అరబ్బుల మీదుగా. మన నారింజలో ఆ ‘నా’ ఇంకా పదిలంగా ఉంది.

కొన్ని మాటలు ఒంటరిగా బతకలేక జంటలో ఒదిగిపోతాయి. ‘కిత్ అండ్ కిన్’ అంటారు. కిన్ అంటే చుట్టాలు. కిత్ అంటే తెలిసినవాళ్లు, తెలిసిన ఊరు. ‘కిత్’ను విడిగా వాడి చూడండి, ఎవరికీ అర్థం కాదు. ‘రూత్‌లెస్’ ఉంది, జాలి లేనివాడు. జాలి అనే అర్థమున్న ‘రూత్’ మాత్రం వాడకంలో లేదు. పదిహేడో శతాబ్దపు కవి మిల్టన్ నాటికి ఉండేది. లేకపోవడం చెప్పే మాట మిగిలి, ఉండడం చెప్పే మాట పోయిందంటే మనసు ఎలాగో అవుతుంది. మనకు గొడ్డూగోదా ఉంది. గోద అంటే ఎద్దు. ‘గోదను తోలుకురా’ అని ఈ రోజు ఎవరంటారు? గొడ్డు చేయి పట్టుకుని నడుస్తోంది గనుక గోద మిగిలింది.

ఒక్క మాటకు మాత్రం ఇంకో గుక్క సమయం ఇవ్వాలి. ‘మంప్సిమస్’. అసలు ఇది తప్పు ఉచ్చారణ. లాటిన్ ప్రార్థనలో ‘సుంప్సిముస్’ అని వస్తుంది, మేము స్వీకరించాం అని. ఒక ముసలి పూజారి దాన్ని ఏళ్ల తరబడి ‘ముంప్సిముస్’ అని చదివేవాడట. ఎవరో దిద్దబోతే, మీ కొత్త ‘సుంప్సిముస్’ కోసం నా పాత ‘ముంప్సిముస్’ను మార్చుకోను పొమ్మన్నాడట. మహాపండితుడు ఎరాస్మస్ ఈ కథను 1516లో ఒక ఉత్తరంలో చెప్పాడు. అది ఇంగ్లండు చేరి మాటగా మారింది. తప్పని తెలిసినా విడవకుండా పట్టుకున్న అలవాటు, పట్టుకున్న మనిషి కూడా ‘మంప్సిమస్’. 1545 డిసెంబరు 24న ఇంగ్లండు రాజు ఎనిమిదో హెన్రీ పార్లమెంటులో మాట్లాడుతూ, కొందరు పాత మంప్సిమస్‌తో బిగుసుకుపోయారని, మరికొందరు కొత్త సంప్సిమస్‌తో హడావిడి చేస్తున్నారని ఇరువైపులనూ మందలించాడు. దీనికి తెలుగు నేను చెప్పనక్కరలేదు. మీ పెదవులు కదులుతున్నాయి. అవును, తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లు. వాళ్లు ఒక పూజారిని మాటగా చేసుకున్నారు, మనం ఒక కుందేలును సామెతగా చేసుకున్నాం.

ఇక్కడ విద్యార్థులకు ఒక హెచ్చరిక. ఫోనులో ‘మరచిపోయిన యాభై ఇంగ్లీషు మాటలు’ అంటూ పట్టికలు వస్తుంటాయి. వాటిలో చాలావాటికి ఊరూ పేరూ ఉండవు. ఎవరు అన్నారో, ఎప్పుడు అన్నారో ఉండదు. నమ్మకండి. మహా మహా నిఘంటువులే మోసపోయాయి. 1934లో అమెరికాలో వెబ్‌స్టర్ పెద్ద నిఘంటువు రెండో కూర్పు వచ్చింది. అందులో ‘డోర్డ్’ అనే మాట ఉంది, అర్థం సాంద్రత. అలాంటి మాట లోకంలో లేదు. సాంద్రతకు పెద్ద ‘డి’ గానీ చిన్న ‘డి’ గానీ సంక్షిప్తంగా వాడవచ్చని ఒక చీటీ మీద రాశారు. ‘డి ఆర్ డి’, ఇక్కడ ‘ఆర్’ (or) అంటే ‘లేదా’. ఆ అక్షరాల మధ్య ఖాళీ పోయి ‘డోర్డ్’ అయి కూర్చుంది. 1939లో ఒక సంపాదకుడు పుటలు తిరగేస్తూ, ఈ మాటకు వ్యుత్పత్తి లేదేమిటని ఆగాడు. తాత పేరు లేని మాట అది. దాన్ని అచ్చులోంచి తీసేసేసరికి 1947 వచ్చింది.

దీనికి సరిగ్గా ఎదురు కథ ఇంగ్లండులో జరిగింది. 1879లో జేమ్స్ ముర్రే అనే బడిపంతులు ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు సంపాదకుడయ్యాడు. ఇంటి ఆవరణలో ఒక ఇనుపరేకుల షెడ్డు వేయించి, దానికి ‘స్క్రిప్టోరియం’ అని పేరు పెట్టి, లోపల 1,029 అరలు కట్టించాడు. లోకానికి ఒక విజ్ఞప్తి అచ్చువేసి పంచాడు: పుస్తకాలు చదవండి, మాట దొరికితే ఒక చీటీ మీద ఆ మాట, అది ఉన్న వాక్యం, పుస్తకం, సంవత్సరం రాసి పంపండి. చీటీలు లక్షల్లో వచ్చాయి. ముర్రేకు పదకొండుమంది పిల్లలు, వాళ్లు అక్షరాలు నేర్చిన కొన్నాళ్లకే చీటీలను అక్షర క్రమంలో పేర్చడం నేర్చుకుని జేబుఖర్చు సంపాదించుకున్నారు. అంత జాగ్రత్తలోనూ ఒక మాట జారిపోయింది. ‘బాండ్‌మెయిడ్’, బానిస స్త్రీ. చీటీలు ఎక్కడో తప్పిపోయాయి, ఆ మాట లేకుండానే సంపుటం అచ్చయింది. 1901లో గానీ సంగతి బయటపడలేదు. తరువాత అనుబంధంలో చేర్చారు. జీతం, పేరు, ఇల్లు లేని ఆ స్త్రీ నిఘంటువులో కూడా చోటు లేకుండా చాలా ఏళ్లు బయట నిలబడింది. ఇది తలచుకున్నప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది. ముర్రే 1915లో పోయాడు. నిఘంటువు పూర్తయింది 1928లో, 4,14,825 మాటలకు అర్థాలతో.

ఇక మన గడప దగ్గరికి వద్దాం. ఇంగ్లీషులో మనకు ఒక పాత పేరు ఉండేదని ఎంతమందికి తెలుసు? ‘జెంటూ’. పోర్చుగీసు వాళ్లు క్రైస్తవులు కానివారిని ‘జెంటియో’ అనేవారు. ఆ మాటను ఇంగ్లీషు వాళ్లు పట్టుకుని, హిందువులందరికీ వాడారు, మద్రాసులో ప్రత్యేకించి తెలుగువారికీ తెలుగు భాషకూ వాడారు. 1816లో మద్రాసులో క్యాంప్‌బెల్ దొర తెలుగు వ్యాకరణం అచ్చువేసినప్పుడు, పేరుపుటలోనే, జెంటూ అని సాధారణంగా పిలిచే తెలుగు భాష అని రాయవలసి వచ్చింది. ఆ మాట పోవడమే మంచిదని నా అభిప్రాయం. అది మనల్ని మనం పిలుచుకున్న పేరు కాదు. కానీ కుంఫిణీ కాలపు కాగితాలు చదివేవారికి అది తెలియకపోతే, వాటిలో మన తాతముత్తాతలు ఎదురైనా గుర్తుపట్టలేరు.

మనం వాళ్లకు ఇచ్చినవీ ఉన్నాయి. ‘బాండికూట్’ మన పందికొక్కే. ఆస్ట్రేలియాలో దానితో ఏ చుట్టరికమూ లేని సంచి జంతువుకు కూడా ఆ పేరే పెట్టారు, ఇప్పుడు లోకంలో చాలామందికి బాండికూట్ అంటే ఆ జంతువే. మన గిడ్డంగి మలయా తీరం వెళ్లి, ఇంగ్లీషు వాళ్ల నోట ‘గోడౌన్’ అయి తిరిగొచ్చింది. కొందరు భాషావేత్తలు తమిళ రూపం నుంచి వెళ్లిందంటారు. ఎవరిదైనా మన తీరం సరుకే.

అన్నిటికన్నా నాకు ఇష్టమైన పాత ఇంగ్లీషు మాట ఈ వీధి మలుపులో ఉన్న పంక్చరు దుకాణంలో ఉంది. నిన్న సాయంత్రం టైరు దిగిపోయి అక్కడ ఆగాను. పదహారేళ్ల కుర్రవాడు జాకీ పెడుతూ, “స్టెప్నీలో గాలి ఉందా సార్?” అన్నాడు. స్టెప్నీ. వేల్స్‌లో లనెల్లి అనే చిన్న ఊళ్లో స్టెప్నీ వీధి ఉంది. తొలి కార్లకు అదనపు చక్రం ఉండేది కాదు. టైరు పేలితే దారి పక్కన కూర్చుని అతుకు వేసుకోవలసిందే. 1904లో ఆ వీధిలో ఇనుప సామాన్ల వ్యాపారం చేసే డేవిస్ సోదరులు, పాడైన చక్రానికి పక్కన బిగించుకునే ఊచల్లేని చక్రం ఒకటి చేశారు. వీధి పేరే చక్రం పేరయింది, దేశదేశాలకు వెళ్లింది. తరువాత కార్లకే అదనపు చక్రం వచ్చింది, ఇంగ్లండులో ఆ మాటను మరచిపోయారు. బ్రెజిల్ వాళ్లు ‘ఎస్తెపి’ అంటూ ఉంచుకున్నారు. మనం ఉంచుకున్నాం. లండన్‌లో ఈ మాట అంటే తెల్లమొహం వేస్తారు. ఇక్కడ బడికి వెళ్లని కుర్రవాడి నోట అది నిక్షేపంగా ఉంది. ఆ కుర్రవాడికి ఈ కథ చెప్పాను. బోల్టు బిగించడం ఆపి విన్నాడు. “వీధి పేరా సార్?” అని, ఆ ఊరి పేరు మళ్లీ ఒకసారి చెప్పించుకున్నాడు.

మీ కుర్చీల కింద తలా నాలుగు తెల్ల చీటీలు పెట్టించాను. లారీ షెడ్లలో, రైల్వే క్వార్టర్లలో, కోర్టు వరండాల్లో, మిల్లుల్లో, ఆస్పత్రుల్లో పనిచేసినవాళ్లు ఇక్కడ చాలామంది ఉన్నారు. మీ పనిలో మీరు వాడే ఇంగ్లీషు మాట, పుస్తకాల్లో ఎక్కడా కనబడనిది ఏదైనా ఉంటే, ఒక చీటీకి ఒక మాట రాయండి. ఎవరు అనగా విన్నారో, ఏ ఊళ్లో విన్నారో, సుమారుగా ఏ సంవత్సరమో రాయండి. అన్నిటికన్నా ముఖ్యంగా వాళ్లన్న వాక్యం యథాతథంగా రాయండి. రాయడం కష్టమైనవాళ్లు ముందు వరుసలో ఉన్న ఈ పిల్లలకు చెప్పండి, వాళ్లు రాస్తారు. చీటీలు వేయడానికి అట్టపెట్టె ఆ పత్రికల బల్ల మీద ఉంది.